నాన్న పాతిన కర్రలు, టీచర్ గారు పీకిన కర్రలు

“ఏడు... ఎనిమిది... ఇంకొక్కటండి సత్యవేణి గారూ, ఒక్కటంటే ఒక్కటి!” అంటున్నాడు కిరణ్ గారు.

నేను జిమ్ములో అద్దం ముందు, గోడకి బిగించిన ఇనుప కడ్డీ రెండు చేతులా పట్టుకుని, గొంతుక్కూర్చుని ఉన్నాను. ఎనిమిదిసార్లు కూర్చున్నాను, ఎనిమిదిసార్లూ లేచాను. తొమ్మిదోసారి కూర్చున్నాక తొడలు నావి కాకుండా పోయాయి. లేవమని చెప్తుంటే వినడం లేదు. స్పీకర్లో పాట అదరగొడుతోంది. “ఆగండి” అన్నాను. ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు, ఆయనకేం వినపడుతుంది?

“మాట్లాడకండి, ఊపిరి వేస్ట్ అయిపోతుంది. లేవండి!”

కడ్డీ మీద వేళ్ళు ఒక్కొక్కటీ ఊడిపోవడం అద్దంలో చూశాను. పక్కకి ఒరిగిపోయాను. పడుతూ పడుతూ నవ్వాను కూడా. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలీదు. నేను నవ్వానని అక్కడున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. కిరణ్ గారూ నవ్వుతూ చెయ్యిచ్చారు. ఆ చెయ్యి పట్టుకుందామంటే నా చెయ్యి పైకి లేవలేదు. అప్పుడు ఆగిపోయింది అందరి నవ్వూ.

కింద రోడ్డు మీద ఆటోలో ఉన్న మా అన్నయ్యని పిలుచుకొచ్చారు. వాడు నన్ను బస్తా వేసుకున్నట్టు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. రాజమండ్రి నుంచి కడియం దాకా ఆటో ఎక్కడా ఆపలేదు. నేను దారంతా వేళ్ళు ఆడించి చూసుకుంటూనే ఉన్నాను. కార్తీక మాసంలో వచ్చిన తిమ్మిరి మళ్ళీ వచ్చేసిందేమో, ఈసారి ఇంక పోదేమో అని.

ఇదంతా జరిగి ఆరేళ్ళు దాటింది. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న మా వీధిలో ఒకామె వాళ్ళాయనకి జబ్బు తగ్గాక ఎక్సర్‌సైజులు చేయించడానికి ఎవరిని పెట్టుకోవాలి అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. ఆమె పొయ్యి మీద అన్నం మాడిపోయింది గానీ నా కథ పూర్తవలేదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కాగితానికి అన్నం మాడదు కదా.

కార్తీక మాసం

గోదావరి పుష్కరాలు అయిన ఏడాది అది. మేం కడియం పక్కన ఒక నర్సరీలో ఉండేవాళ్ళం. నాన్న అక్కడ మేస్త్రీ. నర్సరీ వెనకాల రెండు గదులు మాకిచ్చారు. గది బయటికి అడుగు పెడితే క్రోటన్లు, అవి దాటితే మామిడంట్ల షెడ్డు, ఆ వెనక కాలవ. తడి కొబ్బరిపొట్టు వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు మా గుమ్మం గుర్తొస్తుంది.

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి నేను అంట్ల షెడ్డులో చేరిపోయాను. విత్తనం మొక్క తల కోసి, చీలిక పెట్టి, మంచి చెట్టు పుల్లని మొన చెక్కి అందులో దోపి, ప్లాస్టిక్ రిబ్బనుతో గాలి చొరకుండా చుట్టెయ్యాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేల మీద గొంతుక్కూర్చుని చేసే పని. ఒక వరస అవగానే లేచి పక్క వరసకి జరుగుతాం. రోజుకి ఎన్నిసార్లు కూర్చుంటామో, ఎన్నిసార్లు లేస్తామో ఎవరికీ తెలీదు. ఊపిరి తీసుకున్నట్టే అది కూడా.

ముందు జ్వరం వచ్చింది, తగ్గింది. తగ్గిన వారానికి పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. నడుస్తుంటే కాలి చెప్పు ఎక్కడో ఊడిపోయేది, నాకు తెలిసేది కాదు. మూడో రోజు షెడ్డులో వరస అయిపోయింది, అందరూ లేచారు. నేను లేవలేదు.

“ఏమే, కుండీలో దిగిపోయావా? వేళ్ళు పట్టేశాయా?” అంది మంగ. నా పక్కన కూర్చుని అంటు కట్టేది, నాకు చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు.

“లేవట్లేదే” అన్నాను.

“ఏంటి లేవట్లేదు?”

“కాళ్ళు.”

అది నా మొహం చూసి కత్తి కింద పడేసి నాన్న కోసం పరిగెత్తింది.

రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరు గారు ఆ జబ్బుకి ఒక పేరు చెప్పారు. అది పలకడం నాకు ఇప్పటికీ రాదు. నరాలకి వచ్చేదిట, కాళ్ళ నుంచి పైకి పాకుతుందిట, పాకి పాకి ఆగుతుందిట, తర్వాత దిగుతుందిట. ఎక్కడ ఆగుతుందో ఆయనకీ తెలీదు. మోకాళ్ళ దగ్గర ఆగుతుందనుకున్నాం. నడుం దగ్గర ఆగుతుందనుకున్నాం. ఒకరోజు పొద్దున్న అమ్మ కాఫీ పట్టిస్తే గొంతులోకి దిగకుండా పక్కకి కారిపోయింది. అమ్మ చెంగుతో తుడిచి, “వేడిగా ఉందేంటమ్మా?” అంది. వేడిగా లేదు. మా ఇద్దరికీ తెలుసు.

ఆ పూటే నన్ను ఐసీయూ అనే అద్దాల గదిలోకి మార్చారు. అమ్మకి లోపలికి రావడానికి లేదు. బయట హాల్లో బెంచీ మీద ఎనిమిది రోజులు కూర్చుంది. వాళ్ళాయన కోసం తణుకు నుంచి వచ్చిన ఒకామె అదే బెంచీ మీద ఉండేదిట. ఆమె ఫ్లాస్కులో కాఫీ వచ్చినప్పుడల్లా ముందు మూతలో పోసి అమ్మకిచ్చి, తర్వాతే తను తాగేది. “మీ అమ్మాయి లోపల ఏం చేస్తుంటుందండి?” అని అడిగితే, “మాట్లాడలేక చచ్చిపోతూ ఉంటుందమ్మా” అందిట మా అమ్మ. ఆ ఒక్కసారే అమ్మ అక్కడ నవ్విందిట.

నిజమే. లోపల నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది అదే. మాట రావడానికి ఓపిక లేకపోవడం. నేను నిద్రలో కూడా మాట్లాడే మనిషిని. ఫ్యాను రెక్కల వంక చూస్తూ మనసులోనే మంగతో పోట్లాడేదాన్ని. ఒక ఆయామ్మ ఉండేది, రోజూ నా జుట్టు రెండు జడలు అల్లేది. “ఇక్కడ పూలు పెట్టకూడదు తల్లీ. బయటికొచ్చిన రోజున కనకాంబరాలు పెడతా, సరేనా?” అనేది. బయటికి తీసుకొచ్చిన రోజు నిజంగానే మూర కనకాంబరాలు తెచ్చి పెట్టింది. ఆ ఆయామ్మ పేరు అడగలేదు. అన్ని వాగుతానా, ఆ ఒక్కటీ అడగలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు నాన్నతో రెండు మాటలు చెప్పారు. “ప్రాణానికి భయం లేదు. ఇక నుంచి రోజూ ఎవరినైనా పెట్టి కాళ్ళూ చేతులూ కదిలించండి.” ఇది మొదటిది. “కానీ అలిసిపోనివ్వకండి. అలిస్తే వెనక్కి పోతుంది.” ఇది రెండోది. మొదటి మాట ఇంటిల్లిపాదీ పట్టుకున్నాం. రెండోది ఆసుపత్రి మెట్ల మీదే వదిలేసి వచ్చాం.

ఎవరిని పెట్టాలి

పుష్య మాసానికి పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నాను. కుర్చీలోంచి అమ్మ లేపితే లేస్తున్నాను. నేల మీద కూర్చుంటే మాత్రం అంతే సంగతులు, ఇద్దరు కావాలి. స్నానాల గదిలో అమ్మ నా చంకల కింద చేతులు వేసి లేపేటప్పుడు అమ్మ నడుం కటుక్కుమనేది. నాకు వినపడేది. నాకు పరుగులొద్దు, పందాలొద్దు. నేల మీంచి నా అంతట నేను లేవాలి. ఆషాఢంలో వానలు పడి మామిడంట్ల పని మొదలయ్యేలోపు లేవాలి. అంతకన్నా ఏ కోరికా లేదు.

నాన్నకి తెలిసిన విద్య ఒకటే. మా గది గుమ్మం నుంచి షెడ్డు దాకా బాటకి రెండు పక్కలా వెదురు కర్రలు పాతాడు. పక్కకి పన్నెండు. పైన అడ్డంగా వెదురు బద్దలు పెట్టి కొబ్బరితాడుతో కట్టాడు. లారీ ఎక్కే లేత మొక్కలకి ఎలా కడతాడో అలాగే, రెండు చుట్లు చుట్టి మధ్యలో ఒక మెలిక. “పట్టుకుని నడువు అమ్మడూ. వంగినా విరగవు” అన్నాడు. పొద్దున్నే లేచి ముందు నా కర్రలు ఊపి చూసుకుని, తర్వాతే మొక్కలకి నీళ్ళు పెట్టేవాడు.

చేయించే మనిషి కోసం మాత్రం ఇంట్లో యుద్ధాలే. నాన్న పొరుగూరి నుంచి నరాలు సవరించే ఆయన్ని తీసుకొచ్చాడు. ఆయన నూనె రాసి, కాలు పట్టి లాగి, “ఇది చెడుగాలి తగిలినందువల్ల” అన్నాడు. అన్నయ్య గయ్యిమన్నాడు.

“ఏ కాలంలో ఉన్నావు నాన్నా? రాజమండ్రిలో కొత్తగా జిమ్ము పెట్టారు. పర్సనల్ ట్రైనర్ అని ఒక మనిషికి ఒక మనిషిని ఇస్తారు. మన సత్తెవేణికి ఒక్కదానికే!”

“కండలు పెంచుకునే చోటది. దీనికెందుకురా?”

“కండ లేకే కదా లేవలేకపోతోంది!”

అమ్మ నా వంక చూసి, “నీ ఒళ్ళు కదా, నువ్వే చెప్పవే” అంది.

నేనే చెప్పాను. ఎవర్నీ అనడానికి లేదు. అన్నయ్య ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్ళి చూపించాడు. అద్దాలు, నల్లటి మిషన్లు, గోడకి నిలువెత్తు ఫోటోలో కిరణ్ గారు, చేతుల మీద కండలు పనసకాయల్లా ఉన్నాయి. నా పేరు పక్కన ‘గారు’ పెట్టి పిలిచాడు. జబ్బు పేరు అడిగాడు, చీటీ మీద చూసి పక్కన పెట్టేశాడు. “రెండు నెలల్లో మిమ్మల్ని పరిగెత్తిస్తానండి” అన్నాడు. నాకు అదొక్కటే వినపడింది. మూణ్ణెల్లు మంచాన ఉన్నదానికి ‘పరిగెత్తిస్తాను’ అంటే, తినడానికి లేనివాడికి విస్తరి వేసినట్టే కదండీ. వెంటనే “రేపట్నుంచి వస్తాను” అనేశాను.

చెడ్డవాడు కాదు. చాలా మంచివాడు. నేను లేచిన ప్రతిసారీ చప్పట్లు కొట్టేవాడు. ఆ చప్పట్ల కోసం నేను ఒకటి ఎక్కువ చేసేదాన్ని. ఇంటికొచ్చి కాళ్ళు వణుకుతుంటే దుప్పటి కప్పుకుని దాచేదాన్ని. ‘బాగా చేస్తోంది’ అని అన్నయ్య అందరికీ చెప్పుకుంటున్నాడు మరి. అలా మూడు వారాలు. తర్వాతే ఆ తొమ్మిదోసారి.

డాక్టరు గారు చూసి, జబ్బు తిరగబెట్టలేదు, మీరే అలిసిపోయేలా చేశారు అన్నారు. “రెండో మాట చెప్పానా, లేదా?” అని నాన్న మీద కేకలేశారు. నాన్న చేతులు కట్టుకుని “చెప్పారండి” అన్నాడు. అన్నయ్య తలొంచుకున్నాడు. ఆ రోజు నుంచి వాడు ఆటోలో పాటలు పెట్టడం మానేశాడు. నాన్నకి ఎదురుగా కూర్చుని అన్నం తినడం మానేశాడు. నేను మళ్ళీ మంచం మీదకి, అమ్మ చేతులు మళ్ళీ నా చంకల కిందకి.

ఫాల్గుణం

ఆ నెలాఖరుకి బాటలో మళ్ళీ కర్రలు పట్టుకుని నిలబడే దాకా వచ్చాను. ఒకరోజు పొద్దున్న అలా నిలబడి ఉంటే, చర్చి ఆవరణలో వేయడానికి మొక్కల కోసం ఒకావిడ వచ్చింది. తెల్లచీర, పాదాలకి తెల్ల గుడ్డ బూట్లు, మెళ్ళో నల్లతాడుకి విజిల్. మిషన్ బళ్ళో ముప్ఫై ఏళ్ళు డ్రిల్ టీచరుగా చేసి రిటైరైన గ్రేసమ్మ టీచర్ గారు. రిటైరై రెండేళ్ళయినా ఆ విజిల్ తియ్యలేదు. మా మంగ ఆవిడ దగ్గర చదివింది. ఆవిడ గేటులో కనపడగానే పళ్ళు తోముకుంటున్న పుల్ల దాచేసింది.

“ఇదేంటి మేస్త్రీ? బీరపాదుకి వేశావా పందిరి, పిల్లకి వేశావా?” అంది నాన్నతో.

“పిల్లకేనండి, ఆయ్” అన్నాడు నాన్న.

ఇంకేముంది, నేను మొదలుపెట్టాను. జ్వరం, చెప్పు ఊడిపోవడం, అద్దాల గది, కనకాంబరాలు, కిరణ్ గారు, తొమ్మిదోసారి, అన్నీ. ఆవిడ మొక్కలు చూడటం మానేసి వింది. చివరిదాకా వింది. ఆ తర్వాత అడిగింది:

“నువ్వు ఏం పని చేస్తావు?”

అప్పటి దాకా ఎలా వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఏం తిన్నావు అని అడిగిన వాళ్ళే. ఏం పని చేస్తావు అని ఎవరూ అడగలేదు.

“మామిడి అంటు కడతానండి.”

“ఎలా కూర్చుని కడతావు?”

“గొంతుక్కూర్చునండి.”

“అయితే మనకి కావలసింది అదే. పరుగులెందుకు?” అని, నాన్న వైపు తిరిగింది. “మేస్త్రీ, రేపట్నుంచి ఆరింటికి వస్తాను. వారం రోజులు చూద్దాం. నేను దీనికి నచ్చకపోతే ఇది చెప్పాలి. ఇది నాకు నచ్చకపోతే నేను చెప్తాను. మొహమాటాలు లేవు.”

మర్నాడు ఆరింటికల్లా విజిల్. షెడ్డులోంచి ఇటుకలు తెప్పించి, కుర్చీ ఎత్తున పేర్పించి, పైన గోనెసంచి పరిపించింది. “కూర్చో. కబుర్లు చెప్తూ లే” అంది.

“కబుర్లా అండి?”

“నీకు రావా?”

రాకేం! మా మంగకి వచ్చిన పెళ్ళి సంబంధం గురించి మొదలుపెట్టాను. ఒకటి కూర్చున్నాను, లేచాను. రెండు. మూడోసారి లేస్తూ “ఆ కుర్రాడు...” అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. పీ... అని విజిల్.

“అయిపోయింది. లోపలికి వెళ్ళి పడుకో.”

“మూడేనా అండి? ఇంకా చెయ్యగలనండి.”

“చెయ్యగలవు. రేపు కూడా చెయ్యాలి కదా.”

వారం అయ్యేసరికి నాకు కిటుకు తెలిసింది. ఆవిడ లెక్క పెట్టేది కాదు. నా కబుర్లు వినేది. నా మాట ఎక్కడ తెగితే అక్కడ విజిల్. ఆసుపత్రిలో ఏది పోయిందని ఏడ్చానో, ఆవిడ దాన్నే పట్టుకుంది. నాకు నేను అలిసిపోయానని తెలియక ముందే ఆవిడకి తెలిసిపోయేది. దుప్పటి కింద దాచుకోవడానికి వణుకే ఉండేది కాదు.

రెండు వారాలకి ఒక ఇటుక తీసేసేది. ఎత్తు తగ్గేది. ఆ పూట రెండుసార్లకే విజిల్ వచ్చేది, తర్వాత మూడు, నాలుగు, అలా. ఇటుకల గురించి ఎవరికీ గొడవ లేదు. గొడవంతా కర్రల దగ్గరే వచ్చింది.

వారానికొకసారి, షెడ్డు వైపు నుంచి ఒక జత కర్రలు పీకి పక్కన పడేసేది టీచర్ గారు. సాయంత్రం నాన్న వాటిని మళ్ళీ పాతేసేవాడు. మళ్ళీ పొద్దున్న ఆవిడ పీకేది. మూడు రోజులు ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకోకుండా ఇదే పని. నాలుగో రోజు నాన్న ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“టీచర్ గారండి, కర్ర ఎందుకు తీసేస్తున్నారండి?”

“నువ్వు చెప్పు మేస్త్రీ. మొక్కకి ఊతకర్ర ఎన్నాళ్ళు ఉంచుతావు?”

“కాండం గట్టిపడే దాకానండి.”

“తర్వాత కూడా ఉంచితే?”

నాన్న నేల చూశాడు. “దాని మీదే వాలిపోతుందండి. ఇంక గట్టిపడదు.”

“తెలుసు కదా మరి?”

“అది మొక్కండి” అన్నాడు నాన్న. “పోతే ఇంకోటి పెడతానండి. ఇది మా అమ్మాయండి.”

టీచర్ గారు విజిల్ చేత్తో పట్టుకుంది. మెల్లిగా అంది: “అందుకే కదయ్యా వారానికొక్కటే పీకుతున్నాను.”

ఆ సాయంత్రం నాన్న కర్రలు పాతలేదు. ఆ జతని తీసుకెళ్ళి ఎత్తు మొక్కలకి కట్టేశాడు. నేను గుమ్మంలోంచి చూశాను.

ఎండాకాలంలో ఒకరోజు మోటారు సైకిలు మీద కిరణ్ గారు వచ్చారు. చేతిలో ముక్కలుగా కోసిన సైకిలు ట్యూబులు. “చేతులతో సాగదీస్తే వేళ్ళకి బలం వస్తుందండి. మెల్లిగానేనండి” అన్నాడు నా మొహం చూడకుండా. అన్నయ్య ఆటో తుడవడం ఆపి చూస్తున్నాడు. టీచర్ గారు అతన్ని పైనుంచి కిందకి చూసింది.

“కండలు బావున్నాయి బాబూ. చెవులు కూడా కాస్త పెంచు.”

మేం నవ్వాం. అతను కూడా నవ్వాడు, కానీ వెళ్ళిపోలేదు. తిరగేసిన బుట్ట మీద కూర్చుని నా కబుర్లూ, ఆవిడ విజిలూ అన్నీ విన్నాడు. వెళ్ళేటప్పుడు, “జిమ్ములో పాట సౌండు తగ్గిస్తానండి” అన్నాడు. గేటు దాకా అన్నయ్య వెళ్ళి సాగనంపాడు. ఆ రాత్రి అన్నయ్య, నాన్న ఒక చోట కూర్చుని అన్నం తిన్నారు. నాన్న తన కంచంలో చేప ముక్క తీసి వాడి కంచంలో వేశాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే నా మాట వినండి. చేయించే మనిషి ఎంత చేయించగలడో చూడకండి, ఎక్కడ ఆపుతాడో చూడండి. మీకు ఏం కావాలో అడిగాడా లేదా చూడండి. ‘నచ్చకపోతే చెప్పు’ అన్నవాళ్ళని వదలకండి. నాకు ఇవేమీ తెలియక ఒకసారి పడ్డాను. మా అన్నయ్య భుజం కూడా నొప్పెట్టింది.

ఆషాఢం

వానలు మొదలయ్యాయి. మామిడంట్ల పని వచ్చేసింది. నా గోనెసంచి కింద ఒకే ఒక్క ఇటుక మిగిలింది. బాటలో కర్రలు మా గుమ్మం దగ్గర ఒక జత మిగిలాయి. ఆ ఇటుకా ఆ కర్రలూ మాత్రం కదలనంటున్నాయి. ఇటుక తీస్తే చాలు, అడుగున ఉన్న ఆ నాలుగు వేళ్ళ ఎత్తు నాకు నుయ్యిలా కనపడేది. ఇంకొకటి కూడా ఉంది, ఒంటికాలి మీద నిలబడటం. టీచర్ గారు చూపించి, “ఇది కూడా వచ్చిందా, ఇంక నాకు నీతో పని లేదు” అంది. ఎన్నిసార్లు చేసినా రెండో కాలు వెంటనే దిగిపోయేది.

అప్పుడే ఆవిడకి తణుకు నుంచి కబురొచ్చింది. చెల్లెలికి ఒంట్లో బాగాలేదుట. బూట్ల లేసులు బిగించుకుంటూ, “నేను లేనని మానేశావో, చెవులు మెలిపెడతాను” అని బస్సెక్కి వెళ్ళిపోయింది. ఎన్నాళ్ళకొస్తుందో చెప్పలేదు.

మొదటి వారం నేను షెడ్డులో ఇటుక మీద కూర్చునే అంటు కట్టాను. లేవాలంటే మంగ చెయ్యి పట్టుకునేదాన్ని. వేళ్ళు మాత్రం ఏదీ మర్చిపోలేదు. రిబ్బను అంచు పళ్ళతో పట్టుకుని లాగుతుంటే, ఆ పచ్చి పుల్ల వాసన ముక్కుకి తగిలి ఏడుపొచ్చింది. వాన జల్లు కళ్ళల్లో పడిందని చెప్పాను.

ఒకరోజు మధ్యాహ్నం గాలీ వానా ఒక్కసారి కమ్మేసింది. షెడ్డు మీద టార్పాలిన్ లేచిపోతుంటే అందరూ దొరికిన ఇటుకలన్నీ తీసుకెళ్ళి దాని అంచుల మీద పెట్టారు. వాన తగ్గింది. మళ్ళీ పని మొదలైంది. నేను మంగ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, కబుర్లు మొదలుపెట్టాను. మంగకి కాబోయే అత్తగారు దాన్ని చూడటానికి వచ్చి, చూడకుండా అరటి గెల బేరం చేసి వెళ్ళిపోయిన సంగతి. చెప్పుకుంటూ ఒక వరస కట్టేశాం. టీ వచ్చింది. అందరూ లేచారు.

నేను చెయ్యి కిందకి వేసి ఇటుక తడిమాను. ఇటుక లేదు. టార్పాలిన్ మీద ఉంది. వరసంతా నేను నేల మీదే కూర్చుని కట్టాను.

కార్తీక మాసంలో లేవకుండా ఉండిపోయింది కూడా ఇదే షెడ్డులో, ఇలాంటి వరస చివరే. పట్టుకుందామంటే కర్రలు అంత దూరాన గుమ్మం దగ్గర ఉన్నాయి.

“చెయ్యివ్వనా?” అంది మంగ.

ఎదురుగా లారీకి మొక్కలు ఎక్కిస్తున్న నాన్న అప్పుడే ఇటు చూశాడు. చేతిలో మొక్క కింద పెట్టేశాడు. రెండడుగులు వేశాడు. ఆగిపోయాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో చేతిని గట్టిగా పట్టుకున్నాడు. నా దగ్గరికి రాకుండా తనని తను పట్టుకుని ఆపుకున్నట్టు.

“వద్దే” అన్నాను మంగతో. “వింటూ ఉండు, చాలు.”

“ఏం వినాలి?”

“అదే, మీ అత్తగారి అరటి గెల. తర్వాత ఏమైందంటే, ఆవిడ గెల తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మానికి వేలాడగట్టిందిట...” మడమలు నేలకి ఆనించాను. “అది పండేసరికి పిల్లలందరూ...” తొడలు వణికాయి. వణకనీ అనుకున్నాను. “ఒక్కొక్కటీ కోసుకు తినేసి, తొక్కలు ఆవిడ గుమ్మంలోనే పడేసి...” నడుం లేచింది. “ఆవిడ బయటికొచ్చి, వాటి మీద కాలేసి...”

“జారిపడిందా?” అంది మంగ కళ్ళు పెద్దవి చేసి.

“లేదే, నిలబడింది” అన్నాను. అప్పటికి నేను కూడా నిలబడే ఉన్నాను.

మాట ఎక్కడా తెగలేదు. మంగ ‘ఓ’ అని ఏడ్చింది. నాన్న వెనక్కి తిరిగి లారీ చాటుకి వెళ్ళిపోయాడు. చాలాసేపు రాలేదు. డ్రైవరు హారన్ కొట్టినా రాలేదు.

ఆ సాయంత్రం నర్సరీ ఆఫీసు ఫోన్లోంచి తణుకు చేశాం. చెల్లెలు గారి ఇంట్లో ఆవిడే ఎత్తింది.

“టీచర్ గారండి, లేచానండి. నేల మీంచి. ఇటుక లేదు, కర్ర లేదు, మంగ చెయ్యి కూడా లేదండి.”

“మాట్లాడుతూనా?”

“మాట్లాడుతూనేనండి.”

ఫోన్లోంచి పీ... అని విజిల్. ఎంత గట్టిగా ఊదిందంటే, నా పక్కన చెవి ఆనించి వింటున్న నాన్న ఎగిరిపడ్డాడు. అమ్మ పకపకా నవ్వింది. ఆసుపత్రి బెంచీ తర్వాత అమ్మ అంతలా నవ్వడం అదే మొదలు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ చోట గోడౌను కట్టారు. మేమూ ఊళ్ళోకి మారిపోయాం. టీచర్ గారు తణుకులోనే ఉండిపోయింది. ఆదివారాలు చర్చి నుంచి వచ్చి నాకు ఫోను చేస్తుంది. నేను మాట్లాడతాను, ఆవిడ వింటుంది. ఎక్కడైనా నేను ఆగితే “ఏంటి, అలిసిపోయావా?” అంటుంది.

ఆ ఫోను చేసిన మర్నాడు పొద్దున్న మాత్రం విజిల్ ఊదేవాళ్ళు లేరు. ఆరింటికి నా అంతట నేనే లేచాను. వాన వెలిసి నేల మెత్తగా ఉంది. నాన్న అప్పటికే లేచి కాలవ వైపు నుంచి నీళ్ళ గొట్టం లాక్కొస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు. గుమ్మం ముందు మిగిలిన ఆ రెండు కర్రలూ ఊపి, ఒకటి తర్వాత ఒకటి పీకేశాను. గోడకి చేరేశాను. నేలలో రెండు గుంటలు మిగిలాయి. ఎడమకాలి మీద నిలబడి, కుడికాలితో మట్టి తోసి ఒక గుంట పూడ్చాను. ఆ తర్వాత ఎడమకాలితో రెండోది పూడ్చాను.